ఎక్కడా కరవకూడదు

మొన్న నందిగామ బస్టాండు ఎదురుగా నన్ను చెప్పు కరిచింది.

కుక్క కరిస్తే జనం మూగుతారు. ఏ కుక్క, ఎవరి కుక్క, సూది వేయించుకున్నావా అని అడుగుతారు. చెప్పు కరిస్తే అడిగే నాథుడు ఉండడు. మందుల షాపు మెట్టు మీద కూలబడి, ఎడమకాలి చెప్పు విప్పి, మడమ నేనే చూసుకున్నాను. ఇంటికి వెళ్ళి మా ఆవిడతో మడమ సగం ఊడిపోయిందని చెప్పాను. ఊడలేదు. శనగగింజంత బొబ్బ. డ్రాయింగు మాస్టరుగా బతికినవాణ్ణి. బొమ్మలో ముక్కు కాస్త సాగదీస్తే మనిషి తొందరగా పోలిక పడతాడని పిల్లలకు నేర్పినవాణ్ణి. ఆ అలవాటు చేతిలోంచి నోట్లోకి ఎప్పుడు పాకిందో తెలియదు. సాగదీయడం, కాసేపయ్యాక ఒప్పుకోవడం, రెండూ నావే. ఇందులోనూ రెండూ ఉంటాయి.

ఆ మెట్టు మీద కూర్చున్నప్పుడే ఆయన గుర్తొచ్చాడు. ఆయనే ఉంటే చెప్పును ఏమీ అనేవాడు కాదు, నన్ను అనేవాడు. "పొద్దున్నపూట కొన్నారా మాస్టారూ?" అని మొదలుపెట్టేవాడు. మనవరాలు ఫోనులో నొక్కితే డబ్బాలో ఇంటికొచ్చిన చెప్పులివి అని చెప్తే, కళ్ళు మూసుకునేవాడు. ఆయన కోపం అంతే. కళ్ళు మూతపడేవి.

పేరు రాయడం లేదు. ఆయన షాపు బోర్డు మీదే ఆయన పేరు ఉండేది కాదు, ఇక్కడెందుకు?

జగ్గయ్యపేట బజారులో ఆయనది చెప్పుల షాపు. నేను షావుకారు గారూ అనేవాణ్ణి. అన్నదమ్ములు బట్టలు, బంగారం, పప్పుల టోకు వ్యాపారంలో ఉంటే, ఈయనొక్కడే జనం కాళ్ళ దగ్గర కూర్చునే వ్యాపారం పెట్టాడని చుట్టాల్లో ఎగతాళి ఉండేది. ఆయన నొచ్చుకునేవాడు కాదు. "మీరు మనిషిని పైనుంచి కిందికి చూస్తారు. నేను కిందినుంచి పైకి చూస్తా. ఎవరెలా నిలబడ్డారో నాకే ముందు తెలుస్తుంది" అనేవాడు.

పొద్దున వెళ్తే ఆయన చెప్పులు అమ్మేవాడు కాదు. చూపించేవాడు, కూర్చోబెట్టేవాడు, మజ్జిగ తెప్పించేవాడు, అమ్మేవాడు కాదు. "ఇది నిద్రలేచిన కాలండీ. కాలు కాదు, కాలి ఫొటో. సాయంత్రం రండి. నడిచిన కాలు తెండి" అని పంపించేవాడు. సాయంత్రం వస్తే కూర్చున్నవాళ్ళకు తొడిగేవాడు కాదు, నిలబడమనేవాడు. కూర్చున్న కాలు ముడుచుకుని ఉంటుందని, బరువు పడ్డాకే దాని అసలు కొలత బయటపడుతుందని ఆయన లెక్క. బొటనవేలితో ముందు నొక్కి, వెనక నొక్కి, గుమ్మందాకా నడిచి రమ్మనేవాడు. ఆ అడుగుల చప్పుడు తల వంచుకుని వినేవాడు. తర్వాత ఒకే ఒక ప్రశ్న:

"ఎక్కడన్నా కరుస్తోందా?"

లేదంటే కట్టి ఇచ్చేవాడు. పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులు ఎదిగే కాలండీ, ఒక సైజు పెద్దది ఇవ్వండి అంటే ఒప్పుకునేవాడు కాదు. "పిల్లాడు ఎదుగుతాడమ్మా. చెప్పునెందుకు ముందే ఎదిగించటం?" అనేవాడు. ఆయనకున్న గర్వం ఒక్కటే: "మా షాపు చెప్పు తెగొచ్చు, అరగొచ్చు, గుడి దగ్గర పోవచ్చు. కరవదు."

అడుగుల చప్పుడు విని ఆయన మనిషి ఊరు చెప్పేస్తాడని నేను నందిగామలో ప్రచారం చేశాను. వీరులపాడు నుంచి ఎవరో పందెం కాసి మరీ వచ్చారు. ఆయనకు ఊరు తెలియలేదు. "కుడికాలి చిటికెన వేలికి దెబ్బ తగిలిందా బాబూ?" అని మాత్రం అడిగాడు. తగిలింది. అది నిజం. ఊరు సంగతి నా కల్పన.

ఇక కారు. ఇక్కడ నేను మామూలుగా చెప్పే కథ ఏమిటంటే, అది ఒకప్పటి జమీందారుదని, ఆయన దాంట్లో వేదాద్రి కొండల దగ్గర చిరుతను తరిమాడని. చిరుత లేదు. జమీందారూ లేడు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి వెళ్ళిపోయిన ఒక ఇంజనీరు, క్వారీ రోడ్డులో రేకుల షెడ్డు కింద వదిలేసిన పాత కారు అది. పందేల కారు తరహా. ఇద్దరికే చోటు, పైన మడిచే గుడ్డ కప్పు. ఎరుపు రంగని తుడిస్తేగానీ తెలియలేదు. అంత తెల్ల దుమ్ము పట్టి ఉంది. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, దాంట్లో కూర్చోవడం పీట మీద కూర్చున్నట్టే. జీవితమంతా జనం కాళ్ళ దగ్గర కూర్చున్న మనిషికి ఆ ఎత్తు నచ్చిందేమో. షాపు వెనక గోడౌనులో పెట్టుకుని, ఇంజను బాగుచేయించి, సీట్లు కుట్టించుకున్నాడు.

ఆయన భార్యకు ఆ కారంటే గిట్టేది కాదు. పేరు పెట్టి పిలిచేది కాదు, 'ఎర్రది' అనేది. "ఎర్రది తిన్నాక మీరు తింటారా, మీరు తిన్నాక ఎర్రది తింటుందా?" అని గోడౌను తలుపు దగ్గర నిలబడి అడిగేది. నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది గనక, పంచాయితీకి నన్నే లాగేది.

దాని చక్రాలకు సైకిలు చక్రాల్లాగా ఊచలు. తుప్పు పట్టి కొన్ని విరిగిపోతే, నాలుగు చక్రాలూ, దానితో పాటు స్టెప్నీ చక్రమూ బెజవాడ ఆటోనగర్‌కు పంపించాడు. అక్కడ ఊచలు మార్చి, వంకర తీసి, వెండి రంగు వేసి ఇచ్చారు. గీత పడకుండా ఆవిడ తన పాత నేత చీరలు చుట్టి ఆటోలో తెచ్చింది. గిట్టని మనిషి చేసిన పని అది. గోడౌనులో తేమ ఉందని ఆయన వాటిని షాపులోనే, చెప్పుల అరలకు ఆనించి పెట్టాడు. వచ్చినవాళ్ళు "ఇవి ఏ సైజు కాలికండీ?" అని నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు. "అదే చూస్తున్నా" అనేవాడు.

చక్రాలు బాగయ్యాక వాటికి టైర్లు కావాలి. ఏ టైరన్నా వేస్తే సరిపోదా అనుకున్నాను. ఆ కారు చక్రం సన్నం. దాని టైరూ సన్నంగా, పక్కల చెంపలు ఎత్తుగా ఉండాలి. ఇప్పటి కార్ల టైర్లు వెడల్పు, చెంపలు పొట్టి. పైగా ఊచలు దిగిన రంధ్రాల్లోంచి గాలి పోతుంది గనక లోపల ట్యూబు తప్పదు. ఇదంతా ఆయన నాకు చెప్పిన పద్ధతి వేరు: "పూర్వం పాదం సన్నం మాస్టారూ. ఇప్పటి చెప్పు వెడల్పు."

హైదరాబాదు నుంచి ఒకాయన సరైన సైజే పంపాడు. షావుకారు గోరుతో నొక్కి చూశాడు; దిగలేదు. టైరు ఏ సంవత్సరం ఏ వారంలో తయారయిందో దాని చెంప మీదే అంకెల్లో ఉంటుంది. అది చూస్తే, ఎన్నో ఏళ్ళుగా ఏ మూలో పడి గట్టిపడిన సరుకు. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. "పుట్టిన తేదీ మొహాన రాసుకుని కూడా వయసు దాస్తున్నాయి" అని తిప్పి పంపాడు.

అప్పుడు ఆ చక్రాల్ని నేనే నందిగామ హైవే మీద టైర్ల షాపుకి తీసుకెళ్ళాను. షాపు అతనిది కోదాడ వైపు. మంచివాడు, మాటకారి. తన దగ్గరున్నవాటిలో దగ్గరి సైజు చూసి, ట్యూబులు పెట్టి ఎక్కించి, చక్రాలతో పాటు తనూ ఆటోలో జగ్గయ్యపేట వచ్చాడు. గోడౌనులో చక్రాలు బిగించి, జాకీ దింపి, స్టీరింగు అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూపించాడు.

"చూసిండ్రా సారూ? యాడన్న తగల్తున్నదా?"

"ఖాళీ బండండీ ఇది" అన్నాడు షావుకారు. "కుర్చీలో కూర్చున్న కాలు. నిలబెట్టి చూడాలి."

నన్ను ఎడమ సీట్లో కూర్చోబెట్టాడు. తను స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆ రోజు ఆయన కాళ్ళకు సన్నటి గుడ్డ బూట్లు, అడుగున పల్చటి అట్ట. ఆ కారులో పెడల్స్ ఇరుకిరుగ్గా ఉంటాయి. వెడల్పు చెప్పుతో ఒకటి తొక్కబోతే రెండు తొక్కుతాం. అందుకని తన షాపులోంచే తీసుకున్న బూట్లు. ఇంజను పలికింది. గోడౌనులోనే కాస్త ముందుకు, కాస్త వెనక్కి, స్టీరింగు చివరిదాకా తిప్పి పోనిచ్చాడు. ముందు చక్రం దగ్గర దువ్వెన పళ్ళ మీద గోరు గీసినంత చప్పుడు. నాకు వినపడలేదు. వినపడిందని చాలాకాలం చెప్పాను గానీ, వినపడలేదు. ఆయన ఇంజను ఆపేశాడు.

"కరుస్తోంది."

"గదేం కరుసుడు సారూ, జర తగల్తున్నది. మడ్‌గార్డు లోపటి అంచు సుత్తెతోటి మడిస్తె అయిపాయె."

"తగలటం వేరండీ, కరవటం వేరు. తగిలితే అప్పుడే తెలుస్తుంది. కరిచింది తెలిసేసరికి తోలుండదు. అయినా అంచు మడవటమేంటి? చెప్పు పట్టలేదని వేలు కోసుకుంటామా?"

టైరు అతను తల గోక్కుంటూ నవ్వాడు. ఆయన నా చెయ్యి పట్టుకుని కారు దిగాడు. అప్పుడే ఆవిడ కాఫీలు పట్టుకొచ్చింది. పళ్ళెం అక్కడే బల్ల మీద పెట్టేసింది.

"ఏవండీ, ఆ కాలేంటి?"

ఎడమ బూటు వెనక భాగం ఎర్రగా ఉంది.

"కారు రంగు అంటుకుందేమో" అన్నాడాయన. నేనూ అదే అనుకున్నాను.

ఆవిడ నేల మీద కూర్చుని బూటు విప్పింది. లోపల ఏం కనిపించిందో నేను వర్ణించను. వర్ణిస్తే పెంచుతాను, దాన్ని పెంచాల్సిన అవసరం లేదు. ఆయనకు ఎప్పటినుంచో షుగరు. పాదాల్లో స్పర్శ ఎప్పుడు పోయిందో ఆయన గమనించనే లేదు. "నొప్పి లేదే?" అన్నాడు, నొప్పి ఎక్కడికి పోయిందో మమ్మల్ని అడుగుతున్నట్టు. బూటు చేతిలోకి తీసుకుని, లోపలికి వేళ్ళు పోనిచ్చి, మడమ దగ్గర కుట్టు బొటనవేలితో తడిమాడు. అక్కడ ఆగాడు.

"మా షాపుదే" అన్నాడు.

"పొద్దున్నే షాపు తెరుస్తూ వేసుకు చూసుకున్నారు అన్నయ్యగారూ" అంది ఆవిడ నాతో. "ఊరందరికీ సాయంత్రం రమ్మని చెప్పే మనిషి."

కట్లు కట్టించుకోవడంతో కొన్ని వారాలు గడిచాయి. పుండు మానలేదు, నల్లబడింది. బెజవాడ డాక్టరు పాదం తీసేయాలన్నాడు, ఇంకా ఆగితే మోకాలిదాకా వెళ్తుందన్నాడు. ఈలోగా షావుకారు సరైన టైర్ల కోసం కోయంబత్తూరు వైపు, పాత కార్లకు సరుకు తెప్పించేవాళ్ళకు చెప్పి ఉన్నాడు. అవి రాలేదు. క్లచ్చి తొక్కేది ఎడమకాలు. ఆ కాలు ఉండగా, ఆ కారును జగ్గయ్యపేట నుంచి నందిగామ మా ఇంటిదాకా ఒక్కసారి నడపాలన్నది ఆయన కోరిక. పెద్ద కోరికేమీ కాదు. హైవే మీద అరగంట దారి.

ఆసుపత్రికి బయల్దేరే ముందురోజు టైరు అతను ఎవరూ పిలవకుండానే వచ్చాడు. అప్పుడు విప్పి పట్టుకుపోయిన ఆ వెడల్పు టైర్లే మళ్ళీ ఆటోలో వేసుకొచ్చాడు.

"సారూ, ఒక్క పూటకే గద. ఇప్పుడు ఏస్త. మీ కాలుతోటి ఒక్కపారి తోలుకోండ్రి. రేపు ఇప్పుకపోత."

నేనూ బతిమాలాను. మెల్లగా వెళ్దాం, మలుపుల్లో ఆగుదాం, ఎవరు చూడొచ్చారు అన్నాను. ఎర్రదాన్ని ఎన్నడూ భరించని ఆవిడ కూడా, "వెళ్ళి రండి. నేనేమీ అనను" అంది.

ఇటుకల మీద నిలబెట్టి ఉన్న కారు వైపు ఆయన చాలాసేపు చూశాడు. మేం పట్టుకుంటే అందులో కూర్చున్నాడు. కట్టు కట్టిన పాదం క్లచ్చి మీద పెట్టాడు. తొక్కాడు, వదిలాడు, మళ్ళీ తొక్కాడు. తొక్కుతున్నాడో లేదో తెలుసుకోవడానికి ప్రతిసారీ కిందికి వంగి చూసుకోవలసి వచ్చింది. అది చూశాక నేను బతిమాలడం మానేశాను.

"వద్దులెండి" అన్నాడు చివరికి. "పట్టని జోడు తొడిగే కదా నా కాలు పోతోంది. తెలిసి తెలిసి దీనికీ అదే చెయ్యమంటారా?"

టైరు అతను టైర్లు తిరిగి ఆటోలో వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. మర్నాడు కారు ఇటుకల మీదే ఉంది. ఆయన ఆసుపత్రికి వెళ్ళిపోయాడు.

పాదం పోగొట్టుకుని తిరిగి వచ్చాక షాపులో ఆయన తీరు ఎక్కడ మారిందో చెప్పాలి. ఎత్తు పీట వేసుకున్నాడు, చంకకర్ర పక్కన పెట్టుకున్నాడు. అది అందరికీ కనిపించేదే. నాకు కనిపించింది ఇంకోటి. చెప్పు తొడిగి, నడిపించి, "ఎక్కడన్నా కరుస్తోందా?" అని అడిగేవాడు. "లేదండీ" అనేవాళ్ళు. ఇదివరకైతే అక్కడితో అయిపోయేది. ఇప్పుడు "విప్పండి" అనేవాడు. చెప్పు విప్పించి, వాళ్ళ మడమ చేతుల్లోకి తీసుకుని, దీపం వెలుగులోకి తిప్పి, చుట్టూ చూసేవాడు. కొందరు సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కునేవాళ్ళు.

"ఎందుకండీ అంత ఇది, వాళ్ళు లేదంటున్నారు కదా?" అన్నాను ఒకసారి.

"నేనూ లేదనే అన్నా మాస్టారూ. అడిగితే చాలదు, చూడాలి."

కోయంబత్తూరు టైర్లు ఆయన ఆసుపత్రిలో ఉండగా వచ్చాయి. సన్నవి, ఎత్తు చెంపలవి, కొత్తగా పుట్టినవి. వాటిని ఆయన వెంటనే ఎక్కించలేదు. ముందు భార్యకు డ్రైవింగు నేర్పాడు. ఆవిడ స్కూటీ నడిపేది, కారు ముట్టుకుని ఎరగదు. ఇటుకల మీద కదలకుండా నిలబడ్డ కారులో, ఆవిడ స్టీరింగు ముందు, ఆయన ఎడమ పక్కన. ముందుగా ఆవిడకు సన్నబూట్లు తొడిగాడు. సాయంత్రమే తొడిగాడు. రోజూ పాఠం అయ్యాక విప్పించి మడమలు చూసేవాడు.

"నా ఎడమకాలు ఇప్పుడు నీ దగ్గరుంది. మెల్లగా వదులు" అనేవాడు.

"మీ కాలైతే మీ మాటే వింటుంది. నా మాటెందుకు వింటుంది?" అనేది ఆవిడ. ఆ మాట అంటూ ఆవిడ నవ్వడం, నవ్వు మధ్యలో ఆగిపోవడం, రెండూ నేను విన్నాను.

ఆపైన ఆవిడ డ్రైవింగు స్కూలు కారులో రోడ్డు మీద తిప్పి, లైసెన్సు తెచ్చుకున్నాక టైర్లు ఎక్కించారు. ఆ కారు నందిగామలో మా వీధికి వచ్చిన రోజున ఊరంతా తరలివచ్చిందని, బాజాలు మోగాయని నేను చెప్తుంటాను. బాజాలు లేవు. మిట్టమధ్యాహ్నం, వీధి అంతా తలుపులేసుకుని పడుకుంది. ఎదురింటి అరుగు మీద కూరలమ్మే ఆవిడ ఒక్కతే కళ్ళు నులుముకుని చూసింది. ఎర్రది మెల్లగా వచ్చి మా గేటు ముందు ఆగింది. లోపల షావుకారు భార్య నుదురంతా చెమట. రెండు చేతులూ స్టీరింగు వదలడం లేదు. ఆయన ఎడమ సీట్లోంచి, "న్యూట్రల్ చేసి కాలు తియ్యి. వచ్చేశాం" అన్నాడు.

నేను పూలదండ తెస్తానని లోపలికి వెళ్ళబోయాను. ఆయన ఆపాడు.

"దండ తర్వాత. ఇప్పుడు నడిచొచ్చిన కాలు. ఇప్పుడే చూడాలి. నేను వంగలేను. మీరు చూడండి."

"ఏముంటుందండీ, బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నాను.

"మాస్టారూ." ఆయన గొంతు పెంచలేదు. "గొప్పగా చెప్పొద్దు. చూసి చెప్పండి."

నా మోకాళ్ళు వంగేవి కావు. అయినా ఆ వేడి రోడ్డు మీద మోకరిల్లి, చెయ్యి ఆనించి, ముందు చక్రం పక్కన తల పెట్టి లోపలికి చూశాను. టైరు వేడిగా ఉంది. రబ్బరు వాసన, మట్టి వాసన. దాని పైన మడ్‌గార్డు లోపలి అంచంతా దారిపొడవునా పట్టిన తెల్ల సిమెంటు దుమ్ము, పల్చగా, పిండి జల్లినట్టు. ఎక్కడా చెదరలేదు. ఒక్క గీత లేదు. ఇటువైపు చూసి, అటువైపు వెళ్ళి మళ్ళీ మోకరిల్లి చూశాను. అక్కడా అంతే.

లేచి, దుమ్ము దులుపుకోకుండానే చెప్పాను. "దుమ్ము పట్టింది పట్టినట్టే ఉందండీ. ఎక్కడా కరవలేదు."

నేను ఎంత చూశానో అంతే చెప్పిన సందర్భాలు నాకు తక్కువ. అది ఆయనకు తెలుసు. నా మొహంలోకి చూసి, తల ఆడించి, కళ్ళు మూసుకున్నాడు. కోపానికి కాకుండా ఆయన కళ్ళు మూసుకోవడం నేను చూసింది అప్పుడే.

ఆ చలికాలం ఆయన దాటలేదు. వార్త విని జగ్గయ్యపేట వెళ్ళేసరికి వాళ్ళ గుమ్మం ముందు, అరుగు కింద, వీధి మలుపుదాకా జనం విప్పిన చెప్పులు. మలుపుదాకా అన్నది నా సాగదీత, పక్కింటి గేటుదాకా. ఎక్కువ భాగం ఆ షాపు చెప్పులే. ఒకరి జత ఇంకొకరు తొక్కకుండా, ఎవరూ చెప్పకుండానే, అందరూ వరసగా విప్పారు. లోపలికి వెళ్ళడానికి ధైర్యం చాలక నేను వాటిని చూస్తూ కాసేపు బయటే ఉన్నాను.

మొన్న చెప్పు కరిచాక, బొబ్బ మీద పట్టీ వేసుకుని, సాయంత్రం దాకా ఆగి, జగ్గయ్యపేట బస్సెక్కాను. షాపులో ఇప్పుడు ఆ పీట మీద ఆవిడ కూర్చుంటోంది.

"సాయంత్రమే వచ్చారే అన్నయ్యగారూ!" అంది.

నిలబడమంది. ముందు నొక్కింది, వెనక నొక్కింది. గుమ్మందాకా నడిచి రమ్మని తల వంచుకుని విన్నది.

"ఎక్కడన్నా కరుస్తోందా?"

"లేదమ్మా. పూలల్లే ఉన్నాయి" అన్నాను.

"విప్పండి" అంది.

కాలు వెనక్కి లాక్కోబోయాను. అప్పటికే నా మడమ ఆవిడ చేతుల్లో ఉంది. దీపం వెలుగులోకి తిప్పి, పట్టీ పక్కకు తీసి, చుట్టూ చూసింది. చెప్పు వెనక అంచు బొబ్బ దగ్గర పెట్టి చూసింది; సరిగ్గా దాని మీదే పడుతోంది. ఆ జత డబ్బాలో పెట్టేసి, ఇంకో జత కోసం లోపలికి వెళ్ళింది.